మొక్క వెంట వచ్చే తెగులు



చుట్టూ నీళ్ళు, మధ్యలో నేల ఉంటే దాన్ని దీవి అంటారు. గోదావరి మధ్యలో లంకలు ఉన్నాయి కదా. అట్లాగే సముద్రం మధ్యలో దీవులు ఉంటాయి. అట్లాంటి ఒక దీవిలో జరిగిన సంగతి ఇది. ఆ దీవి పేరు రీయూనియన్.

ఆఫ్రికా పక్కన, హిందూ మహాసముద్రంలో మడగాస్కర్ అనే పెద్ద దీవి ఉంది. దానికి తూర్పున రీయూనియన్ ఉంది. ఇది చిన్న దీవి. ఫ్రాన్స్ దేశంలో భాగం. సముద్రం ఒడ్డున వేడిగా ఉంటుంది. నడుమ ఎత్తైన కొండలు. ఆ కొండల మీద చలిగా ఉంటుంది. ఒక కొండ ఇప్పటికీ అప్పుడప్పుడు నిప్పులు కక్కుతుంది. పక్కనే మారిషస్ అనే ఇంకో దీవి ఉంది.

ఈ దీవులు తెలుగువాళ్ళకు కొత్తవి కావు. 19వ శతాబ్దంలో మన కోరంగి వంటి రేవుల నుండి ఎందరో కూలిజనం ఓడలెక్కారు. మారిషస్ చెరకు తోటల్లో పనికి పోయారు. వాళ్ళ మనవళ్ళు, మునిమనవళ్ళు ఈనాటికీ అక్కడ ఉగాది చేసుకుంటారు. దక్షిణాది వాళ్ళ వెంట కరివేపాకు కూడా ఆ దీవులకు చేరింది. మారిషస్‌లో దాన్ని ‘కరిపులే’ అంటారు. అది తమిళ మాట నుండి వచ్చింది.

మనిషి వెంట మొక్క పోతుంది. మొక్క వెంట పురుగు పోతుంది. పురుగు వెంట తెగులు పోతుంది. ఈ మూడు మాటలు గుర్తుంటే చాలు. మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది.

తోటలు ఎందుకు ఎండిపోయాయి?

రీయూనియన్‌లో బత్తాయి, కమలా, నిమ్మ తోటలు ఉన్నాయి. పెరట్లో కూడా ఈ చెట్లు పెంచుతారు. 1960లలో, 1970లలో ఆ చెట్లకు ఒక తెగులు పట్టుకుంది. ముందు ఒక కొమ్మ పసుపుపచ్చగా మారేది. తర్వాత ఇంకో కొమ్మ. పండు చిన్నగా, ఒక పక్కకు వంకరగా కాసేది. పండు పైన రంగు తిరిగినా అడుగున ఆకుపచ్చగానే ఉండిపోయేది. రసం చేదు. గింజ తాలు. పండు పండకముందే రాలిపోయేది. చివరికి కొమ్మలు ఎండి, చెట్టు చచ్చిపోయేది.

పండు ఆకుపచ్చగా ఉండిపోతుంది కాబట్టి ఈ తెగులుకు ‘గ్రీనింగ్’ అని పేరు పెట్టారు. ఇంగ్లీషులో గ్రీన్ అంటే ఆకుపచ్చ. చైనా వాళ్ళు దీన్ని ‘హువాంగ్‌లాంగ్‌బింగ్’ అంటారు. అంటే చిగుళ్ళు పసుపుపచ్చగా మారే తెగులు. మన దేశంలో కూడా ఈ తెగులు ఉంది. మన వ్యవసాయ అధికారులు కూడా గ్రీనింగ్ తెగులు అనే అంటారు.

ఈ తెగులుకు కారణం బ్యాక్టీరియా. అది కంటికి కనపడని సూక్ష్మజీవి. 1970లో ఫ్రాన్స్ శాస్త్రజ్ఞులు దాన్ని మొదటిసారి పెద్ద సూక్ష్మదర్శినిలో చూశారు.

అది చెట్టును ఎట్లా చంపుతుంది? ఆకు చెట్టుకు వంటిల్లు. ఎండతో, నీళ్ళతో, గాలితో అక్కడే ఆహారం తయారవుతుంది. ఆ ఆహారం సన్నని నాళాల గుండా కాయకూ, వేరుకూ పోతుంది. బ్యాక్టీరియా ఆ నాళాల్లోనే కాపురం పెడుతుంది. నాళాలు పూడుకుపోతాయి. వండిన అన్నం వంటింట్లోనే ఉండిపోతుంది. వేరుకు తిండి అందదు. వేరు కుళ్ళుతుంది. వేరు పోతే చెట్టు పోయినట్టే.

తెగులు పండు తింటే మనిషికి రోగం రాదు. ఆ భయం వద్దు. కాని ఆ పండు అమ్ముడుపోదు. అది రైతుకు దెబ్బ. బత్తాయి చెట్టు కాపుకు రావాలంటే నాలుగైదేళ్ళు పెంచాలి. అన్నాళ్ళు నీళ్ళు పెట్టి, ఎరువు వేసి, అప్పు తెచ్చి పెంచిన చెట్టు కళ్ళముందు ఎండిపోతే ఆ ఇల్లు ఏమవుతుందో వేరే చెప్పాలా?

తెగులును మోసేది ఎవరు?

బ్యాక్టీరియాకు కాళ్ళు లేవు. రెక్కలు లేవు. మరి ఒక చెట్టు నుండి ఇంకో చెట్టుకు ఎట్లా పోతుంది? రెండు దారులు ఉన్నాయి.

మొదటి దారి అంటు. తెగులు ఉన్న చెట్టు నుండి కన్ను తీసి అంటు కడితే, ఆ మొక్క పుట్టుకతోనే రోగిష్టి అవుతుంది.

రెండో దారి ఒక చిన్న పురుగు. దాని పేరు సిల్లా. నువ్వుగింజ కంటే కొంచెం పెద్దదిగా ఉంటుంది. తల కిందికి, తోక పైకి పెట్టి ఆకు మీద వాలుతుంది. లేత చిగుళ్ళ మడతల్లో గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగులు చిగురు రసం పీలుస్తాయి. తెల్లని మైనం దారాలు విడుస్తాయి. తెగులు చెట్టు రసం తాగిన పురుగు ఒంట్లోకి బ్యాక్టీరియా చేరుతుంది. ఆ పురుగు బతికినంత కాలం తెగులును మోస్తూనే ఉంటుంది. దోమ మలేరియాను మోసినట్టే ఇది.

ఈ సంగతిని 1967లో మన దేశంలోని పూనాలో శాస్త్రజ్ఞులు నిరూపించారు. అంతకు రెండేళ్ళ ముందు, 1965లో, దక్షిణాఫ్రికాలో ఇంకో రకం సిల్లా గురించి కూడా ఇట్లాగే నిరూపించారు. ఒకటి ఆసియా సిల్లా. దానికి వేడి కావాలి. రెండోది ఆఫ్రికా సిల్లా. దానికి చల్లని చోటు కావాలి.

రీయూనియన్ దురదృష్టం ఏమిటంటే, ఆ దీవికి రెండూ చేరాయి. ఒడ్డున వేడి ఉంది. అక్కడ ఆసియా సిల్లా. కొండ మీద చలి ఉంది. అక్కడ ఆఫ్రికా సిల్లా. కింద నాటినా తెగులే. పైన నాటినా తెగులే. రైతు ఎక్కడికి పోవాలి?

దీవికి సముద్రం కంచె వంటిది. ఆ కంచె ఉంటే పురుగు రావడం కష్టం. కాని మనిషి ఓడలో మొక్క తెస్తాడు. సంచిలో అంటుపుల్ల తెస్తాడు. అందులో చిగురు ఉంటుంది. చిగురు మడతలో గుడ్డు ఉంటుంది. చెడు చేయాలని ఎవరూ తేరు. ఇష్టంతోనే తెస్తారు. ‘మా చుట్టాల పెరట్లో పండు తియ్యగా ఉంది, మనమూ ఒక మొక్క పెట్టుకుందాం’ అనుకుని తెస్తారు. అట్లా కంచెకు గండి పడుతుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. పురుగు వచ్చింది. దాన్ని తినే పురుగు మాత్రం వెంట రాలేదు. పిల్లి లేని ఇంట్లో ఎలుకలు ఎట్లా పెరుగుతాయి? ఆ దీవిలో సిల్లా అట్లా పెరిగింది.

మందు పని చేయలేదా?

చెట్టు మానుకు రంధ్రం చేసి సూదిమందు ఎక్కించి చూశారు. మనుషులకు వాడే టెట్రాసైక్లిన్ వంటి మందునే దక్షిణాఫ్రికాలో చెట్లకు ఎక్కించారు. కొంతకాలం చెట్టు కోలుకున్నట్టు కనపడేది. మందు ఆపగానే తెగులు తిరగబెట్టేది. తెగులు పట్టిన చెట్టును పూర్తిగా బాగుచేసే మందు ఈనాటికీ లేదు.

పురుగుమందు కొట్టి సిల్లాను చంపవచ్చు. కాని ఎన్నిసార్లు కొట్టాలి? చెట్టు చిగురు వేసినప్పుడల్లా పురుగు వస్తుంది. పెరట్లో చెట్టు ఉన్న ప్రతి ఇంట్లో మందు కొట్టగలరా? పైగా మందు మంచి పురుగును కూడా చంపుతుంది.

పంజాబు నుండి వెళ్ళిన కందిరీగ

అప్పుడు ఫ్రాన్స్ శాస్త్రజ్ఞులు వేరే దారి చూశారు. బెర్నార్ ఓబేర్, సెర్జ్ కిలిసి అనేవాళ్ళు ఈ పనిలో ముఖ్యులు. సిల్లా పుట్టిన చోట దాన్ని అదుపులో పెట్టేది ఎవరు? ఆ శత్రువును తెచ్చి దీవిలో వదిలితే పోదా? అదీ వాళ్ళ ఆలోచన.

ఆఫ్రికా సిల్లాకు శత్రువు దక్షిణాఫ్రికాలో దొరికింది. ఆసియా సిల్లాకు శత్రువు మన దేశంలో దొరికింది. రెండూ కందిరీగ జాతి పురుగులే. కాని మనిషిని కుట్టవు. పొడవు ఒక మిల్లీమీటరు. సూది మొన మీద కూర్చునేటంత చిన్నవి.

మన దేశపు కందిరీగ పని ఇట్లా ఉంటుంది. ఆడ కందిరీగ సిల్లా పిల్ల పొట్ట కింద ఒక గుడ్డు పెడుతుంది. గుడ్డు నుండి పురుగు పుట్టి, సిల్లా పిల్లను కింది నుండి తినేస్తుంది. సిల్లా పిల్ల చచ్చి, గోధుమరంగు పొట్టులాగా ఆకుకు అంటుకుపోతుంది. ఆ పొట్టుకు రంధ్రం చేసుకుని కొత్త కందిరీగ బయటికి వస్తుంది. దీనికంతా పన్నెండు రోజులు, అటూ ఇటుగా పడుతుంది. తల్లి కందిరీగ గుడ్లు పెట్టడమే కాదు, చిన్న సిల్లా పిల్లలను పొడిచి రసం తాగుతుంది కూడా. ఇట్లాంటి పురుగును రైతులు మిత్రపురుగు అంటారు.

1976లో దక్షిణాఫ్రికా కందిరీగను రీయూనియన్‌కు తెచ్చారు. 1978లో మన పంజాబు నుండి రెండో కందిరీగను తీసుకుపోయారు. వాటిని తేగానే తోటల్లో వదల్లేదు. ముందు మూసిన గదుల్లో పెంచారు. ఎందుకు? కందిరీగకు కూడా శత్రువులు ఉంటాయి. దాన్ని తినే పురుగులు వేరే ఉన్నాయి. అవి వెంట వస్తే పని చెడుతుంది. వాటిని ఏరివేసి, శుభ్రమైన కందిరీగలనే బయట వదిలారు.

ఫలితం ఏమిటి? 1980ల మొదట్లోకి ఆఫ్రికా సిల్లా రీయూనియన్‌లో కనిపించకుండా పోయింది. ఆసియా సిల్లా చాలా తగ్గిపోయింది. ఒకటీ అరా మాత్రమే మిగిలింది.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట ఉంది. సిల్లా అంతా పోతే కందిరీగకు తిండి ఉండదు. అది కూడా చచ్చిపోతుంది. మళ్ళీ సిల్లా వస్తే ఆపేవాళ్ళు ఉండరు. రీయూనియన్‌లో ఆ ఇబ్బంది రాలేదు. అక్కడ నరమామిడి జాతి చెట్లు ఉన్నాయి. మన గిరిజనులు అగరుబత్తీల జిగురు కోసం బెరడు తీసే చెట్టు అదే. ఆ చెట్టు మీద బతికే వేరే పురుగును తిని దక్షిణాఫ్రికా కందిరీగ నిలిచింది. ఇళ్ళ ముందు కంచెగా పెంచే నాగగొలుగు చెట్లు కూడా ఉన్నాయి. తెల్లని పూలు, మంచి వాసన. అది నిమ్మకూ, కరివేపాకుకూ చుట్టం. ఆ కంచెల మీద కొద్దిగా సిల్లా బతికింది. దాని మీద మన కందిరీగ బతికింది.

కందిరీగ ఒక్కటే పని చేయలేదు. మనుషులు కూడా పని చేశారు. తెగులు చెట్లను తీసేశారు. తెగులు లేని తల్లిచెట్ల నుండి అంట్లు కట్టారు. ఆ మొక్కలతో కొత్త తోటలు వేశారు. పురుగు తగ్గింది కాబట్టి ఆ మొక్కలు నిలిచాయి. ఒక చేయి కందిరీగది. ఒక చేయి మనిషిది. రెండు చేతులూ కలిస్తేనే చప్పుడు.

తర్వాత ఏమైంది?

రీయూనియన్ నుండి ఈ కందిరీగ ఇంకా దూరం పోయింది. 1980లలో తైవాన్ దీవికి పోయింది. 1999లో గ్వాడెలూప్ అనే దీవికి పోయింది. అది అమెరికా ఖండం పక్కన ఉంటుంది. గ్వాడెలూప్‌లో 1998లో సిల్లాను చూశారు. మరుసటి ఏడే కందిరీగను వదిలారు. సిల్లా బాగా తగ్గింది.

కాని 2012లో గ్వాడెలూప్‌లో గ్రీనింగ్ తెగులు బయటపడింది. 2013లో పక్కనున్న మార్టినిక్ దీవిలోనూ బయటపడింది. రీయూనియన్‌లో కూడా 2010ల దశకంలో తెగులు మళ్ళీ తల ఎత్తింది.

అయితే కందిరీగ ఓడిపోయిందా? అట్లా అనుకోకూడదు. కందిరీగ పురుగును తగ్గిస్తుంది. అంతే. చెట్టు లోపలి బ్యాక్టీరియాను అది ముట్టుకోలేదు. తెగులు ఉన్న మొక్క ఒక్కటి వచ్చి, నాలుగు సిల్లాలు మిగిలి ఉంటే చాలు. నిప్పురవ్వ గడ్డివామి మీద పడ్డట్టే. ఒకసారి గెలిచాం కదా అని కూర్చుంటే కుదరదు. చీపురు ఒక్కరోజు పట్టుకుంటే ఇల్లు ఏడాదంతా శుభ్రంగా ఉంటుందా? ఇదీ అంతే.

ఇందులో మనకేం పని?

మన ఊళ్ళు దీవులు కావు. కాని మన తోటల్లో బత్తాయి ఉంది. రాయలసీమలో దాన్నే చీనీ అంటారు. నల్లగొండ, అనంతపురం, కడప జిల్లాల్లో ఎన్నో కుటుంబాలు దాని మీద బతుకుతున్నాయి. నెల్లూరు వైపు నిమ్మతోటలు ఉన్నాయి. సిల్లా మన దగ్గర ఉంది. గ్రీనింగ్ కూడా ఉంది. మిత్రపురుగు కూడా మన దగ్గర ఉంది.

మొక్క కొనేటప్పుడు జాగ్రత్త. మొక్క ఎక్కడ కొన్నారో, తల్లిచెట్టు ఎట్లాంటిదో అడగండి. చౌకగా దొరికిందని రోడ్డు పక్కన కొనవద్దు. నమ్మకమైన నర్సరీలో కొనండి. పురుగు దూరకుండా వలకట్టిన ఇంట్లో పెంచిన మొక్క మేలు. తిరుపతిలో చీనీ, నిమ్మ పరిశోధనా స్థానం ఉంది. ఏ మొక్క మంచిదో అట్లాంటి చోట చెబుతారు. రసీదు తీసుకోండి. ఇప్పుడు మీకు చదువు వచ్చింది. రసీదు మీద ఏం రాశారో మీరే చదువుకోవచ్చు.

ఆకును చూడడం నేర్చుకోండి. పసుపుపచ్చగా ఉన్న ప్రతి ఆకూ గ్రీనింగ్ కాదు. ఆకు నడి ఈనెకు రెండు పక్కలా చూడండి. రెండు పక్కలా పసుపు ఒకే తీరుగా ఉంటే అది జింకు వంటి పోషకాల లోపం కావచ్చు. అది ఎరువుతో పోతుంది. ఒక పక్క ఒక తీరు, రెండో పక్క ఇంకో తీరు ఉంటే గ్రీనింగ్ అని అనుమానించాలి. అప్పుడు ఆకులు కోసి ఉద్యానశాఖ అధికారికి చూపించాలి. పరీక్ష చేస్తేనే గట్టిగా తెలుస్తుంది. అనుమానంతోనే చెట్టు నరకవద్దు.

తెగులని తేలితే చెట్టును ఉంచవద్దు. ఇది కష్టమైన మాట. సొంత చేతులతో పెంచిన చెట్టు. ఇంకా నాలుగు కాయలు కాస్తూనే ఉంటుంది. కాని ఆ చెట్టు తెగులుకు గాదె. దాన్ని ఉంచితే పక్క చెట్టు పోతుంది. తర్వాత పక్క చేను పోతుంది. ముందు ఆ చెట్టు మీది సిల్లాకు మందు కొట్టి, తర్వాత తీసేయాలి. లేకపోతే పురుగు ఎగిరి పక్క చెట్టు మీద వాలుతుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు.

మందు అవసరమైతేనే కొట్టండి. చిగుళ్ళలో సిల్లా పిల్లలు ఉన్నాయా అని ముందు చూడండి. రంధ్రం పడిన గోధుమరంగు పొట్టులు కనపడితే మిత్రపురుగు పని చేస్తున్నట్టే. అప్పుడు అధికారిని అడగకుండా మందు కొట్టవద్దు.

కలిసి చేయండి. ఒక్క చేను వాళ్ళు చేస్తే లాభం లేదు. పురుగుకు గట్లు తెలియవు. మహిళా సంఘం సమావేశంలో పొదుపు లెక్కలు అయ్యాక ఈ మాట కూడా మాట్లాడుకోండి.

చివరగా కరివేపాకు సంగతి. కరివేపాకు చిగుళ్ళ మీద కూడా సిల్లా బతుకుతుంది. పెరట్లో కరివేపాకు కొట్టేయమని దీని అర్థం కాదు. కాని బత్తాయి తోట ఉన్నవాళ్ళు కరివేపాకు చిగుళ్ళను కూడా చూస్తూ ఉండాలి. దూరపు ఊరి నుండి కరివేపాకు పిలక, నిమ్మ అంటు సంచిలో తెచ్చుకునేముందు ఒకసారి ఆలోచించాలి.

కొందరు అమ్మలు అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి పోతారు. సంచిలో పచ్చి కరివేపాకు పెట్టుకుంటారు. అక్కడి విమానాశ్రయంలో దాన్ని తీసి పారేస్తారు. ‘ఆకుకు కూడా ఇంత రాద్ధాంతమా!’ అని అమ్మకు కోపం వస్తుంది. కోపం వద్దు. ఆ ఆకు మడతలో ఒక గుడ్డు ఉంటే చాలు. ఎక్కడో ఒక రైతమ్మ తోట ఎండిపోవచ్చు.

ఆ రైతమ్మ మన భాష మాట్లాడదు. మన ముఖం చూడలేదు. కాని ఆమె కష్టమూ మన కష్టమూ ఒకటే. పంజాబు కందిరీగ ఎక్కడో ఉన్న దీవిలో తోటలను కాపాడింది. మన చేతి సంచి ఆ తోటలను చెరపకూడదు.

మీరు మాట్లాడుకోండి

1. మీ ఊళ్ళో బత్తాయి, నిమ్మ మొక్కలు ఎక్కడి నుండి తెస్తారు?
2. గ్రీనింగ్ తెగులును ఒక చెట్టు నుండి ఇంకో చెట్టుకు మోసేది ఏది?
3. రీయూనియన్‌లో కందిరీగ ఏం పని చేసింది? మనుషులు ఏం పని చేశారు?
4. పక్క చేను వాళ్ళు తెగులు చెట్టు తీయనంటే సంఘం వాళ్ళు ఏం చేయాలి?

ఈ పాఠం చదివినవాళ్ళు చదువు రాని ఒకరికి చదివి వినిపించండి. రేపు పెరట్లోకి పోయి, నిమ్మ చిగురు ఒకటి తిప్పి చూడండి.